పదకొండేళ్ళ ఐ5 సిస్టమ్‌కి పన్నెండు వేలలో ఏ గ్రాఫిక్స్ కార్డ్ వేయించాలి?

తెనాలి మిక్సింగ్, సోమవారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మాది తెనాలి. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాల వీడియోలకు మిక్సింగ్ చేస్తాను. షూటింగ్ మా బావమరిది చూసుకుంటాడు, ఎడిటింగ్ అంతా నాదే. మూఢం వచ్చింది, రెండు నెలలు ముహూర్తాలు లేవు. ఈ ఖాళీలో సిస్టమ్ బాగు చేయించుకుందామని ఇక్కడికి వచ్చాను.

2014లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కి వెళ్ళి, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అసెంబుల్ చేయించుకున్న సిస్టమ్ ఇది. ఐ5 4570 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డ్, 16 జీబీ డీడీఆర్3 ర్యామ్, విండోస్‌కి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఫుటేజ్‌కి రెండు హార్డ్ డిస్కులు. సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ 450 వాట్లు. మానిటర్ పాతది, నీలం రంగు వీజీఏ కేబుల్‌ది. విండోస్ 10, ఎడిటింగ్‌కి ప్రీమియర్ ప్రో. గ్రాఫిక్స్ కార్డ్ ఇంతవరకు లేదు, బోర్డ్‌లో ఉన్నదానితోనే నెట్టుకొచ్చాను.

ఇన్నాళ్ళూ ఫుల్ హెచ్‌డీ కాబట్టి ఇబ్బంది లేదు. మొన్న శ్రావణంలో బావమరిది కొత్త కెమెరా కొన్నాడు, ఇప్పుడన్నీ 4కె. మూడు కెమెరాలతో తీసిన జీలకర్ర బెల్లం ఘట్టం టైమ్‌లైన్ మీద పెడితే, పంతులుగారి మాట ముందు వస్తోంది, పెదవులు తర్వాత కదులుతున్నాయి. ఇరవై నిమిషాల హైలైట్స్ ఎక్స్‌పోర్ట్ పెడితే మూడు గంటలు.

బడ్జెట్ 12 వేలు. గట్టిగా లాగితే ఇంకో వెయ్యి. ఇక్కడి షాపులో మూడు చెప్పారు: జీటీ 1030 రెండు జీబీ 6,500, ఆర్‌ఎక్స్ 6400 నాలుగు జీబీ 11,500, జీటీఎక్స్ 1050 టీఐ నాలుగు జీబీ 4,200. మూడూ కొత్తవేనట. ఏది తీసుకోమంటారు?

పార్క్‌లేన్ కుర్రాడు, సోమవారం రాత్రి 10:31

అన్నా, ఆ మూడూ వద్దు. సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌ఎక్స్ 580 ఎనిమిది జీబీ ఐదారు వేలకు దొరుకుతుంది. ఈ రేటులో దాని పవర్ దేనికీ రాదు. నా దగ్గర మూడేళ్ళ నుంచి ఉంది, ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు.

ఎస్‌ఎంపీఎస్ మాస్టారు, సోమవారం రాత్రి 11:05

తమ్ముడూ, 580 మంచి కార్డే, కాదనను. కానీ అది ఒక్కటే 185 వాట్లు తాగుతుంది. దానికి 8 పిన్ పవర్ వైరు కావాలి. 2014 నాటి ఎస్‌ఎంపీఎస్‌కి అది తగిలిస్తే ఏమవుతుందో నేను వారానికి రెండు చూస్తుంటాను. పదిహేనేళ్ళుగా రిపేర్ల పనిలో ఉన్నవాడిని.

తెనాలి తమ్ముడూ, ఏ కార్డ్ అన్నది తర్వాత. ముందు క్యాబినెట్ పక్క డోర్ విప్పి, ఎస్‌ఎంపీఎస్ మీద అతికించిన స్టిక్కర్ చూడండి. పైన పెద్ద అక్షరాలతో 450 అని ఉంటుంది, దాన్ని వదిలేయండి. కింద చిన్న గళ్ళ పట్టిక ఉంటుంది. అందులో ప్లస్ 12 వోల్ట్ అన్న గడి కింద ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో చెప్పండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ రెండూ తినేది ఆ గడిలోంచే.

కాకినాడ సుభద్ర, మంగళవారం ఉదయం 7:20

అన్నయ్యా, నేనూ ఎడిటింగ్‌లోనే ఉన్నాను, ఎక్కువగా యాడ్ ఫిల్ములు, షార్ట్ ఫిల్ములు. గేములు ఆడేవాళ్ళు చెప్పే కార్డ్ వేరు, మన పనికి పనికొచ్చేది వేరు. మీ షాపువాళ్ళు చెప్పిన మూడింట్లో రెండు మన పనికి అసలు పనికిరావు. ఎందుకో చెప్తాను.

ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు వీడియోని హెచ్.264లోకి కుదించే పనికి గ్రాఫిక్స్ కార్డ్‌లో ప్రత్యేకంగా ఒక ముక్క ఉంటుంది, ఎన్‌కోడర్ అంటారు. ఎన్‌విడియావాళ్ళు దానికి ఎన్‌వెంక్ అని పేరు పెట్టారు. ప్రీమియర్ 2020 మే నెలలో వచ్చిన 14.2 వెర్షన్ నుంచి దాన్ని వాడుకుంటోంది. జీటీ 1030లో ఆ ముక్క లేదు. ఆర్‌ఎక్స్ 6400లో కూడా లేదు. 6400 గేముల్లో 1030 కంటే చాలా ముందుంటుంది, అది నిజం. కానీ దాన్ని వేసుకుని మీరు ఎక్స్‌పోర్ట్ నొక్కితే, కుదించే బరువంతా మళ్ళీ మీ పాత ఐ5 మీదే పడుతుంది.

జీటీ 1030లో ఇంకో సంగతి. ఆ పేరుతో రెండు రకాలున్నాయి. 2017లో వచ్చింది జీడీడీఆర్5 మెమరీది, సెకనుకు 48 జీబీ లాగుతుంది. తర్వాతి ఏడాది అదే పేరుతో డీడీఆర్4 రకం వచ్చింది, అది 17 జీబీ కూడా లాగదు. డబ్బా మీద బొమ్మ ఒకటే. షాపులో రకం అడక్కుండా తెచ్చుకుని బాధపడినవాళ్ళు నాకు తెలుసు.

కొనే ముందు ఒక పని చేయండి. ఆ జీలకర్ర బెల్లం టైమ్‌లైన్ ప్లే చేస్తూ టాస్క్ మేనేజర్ తెరిచి, ప్రాసెసర్ ఎంత శాతంలో ఉంది, ఫుటేజ్ ఉన్న హార్డ్ డిస్క్ ఎంత శాతంలో ఉంది, ర్యామ్ ఎంత నిండింది చూడండి. డిస్క్ నూటికి నూరు చూపిస్తే కార్డ్ వేసినా ఉపయోగం ఉండదు, అప్పుడు ఎస్‌ఎస్‌డీ కొనుక్కోవాలి. అలాగే ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో రెండరర్ అని ఉంటుంది, అక్కడ ఏం రాసి ఉందో చెప్పండి.

ఓరుగల్లు హార్డ్‌వేర్, మంగళవారం ఉదయం 9:48

సుభద్రక్క చెప్పింది ఎన్‌కోడర్ సంగతి. నేను 6400తో ఇంకో దెబ్బ తిన్న, అది చెప్తా.

మా తమ్మునికి కూడా హెచ్81 బోర్డే. నిరుడు కొత్త 6400 తెచ్చి పెట్టిన. కరెంటు 53 వాట్లే, పవర్ వైరు అక్కర్లేదు, చిన్న కార్డ్, మస్తు ఉన్నదనుకున్న. గేములు మధ్యమధ్యలో ఆగి ఆగి నడిచేవి. నాలుగు రోజులు డ్రైవర్లు మార్చిన, విండోస్ మార్చిన. తర్వాత తెలిసింది అసలు సంగతి. కార్డ్ చూడ్డానికి పొడుగు స్లాట్ మొత్తం నిండుతుంది కానీ, లోపల వాడుకునేది నాలుగు లేన్లే, అంటే డేటా పోయే దారులు నాలుగే. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 ఉన్న కొత్త బోర్డ్‌లో ఆ నాలుగు లేన్లతో సెకనుకు ఎనిమిది జీబీ దాకా పోతుంది. 3.0 బోర్డ్‌లో నాలుగు. హెచ్81 చిప్‌సెట్‌ది 2.0 మాత్రమే, ప్రాసెసర్ 3.0కి పనికొచ్చేదైనా బోర్డ్ ఇవ్వదు. అంటే రెండు జీబీ. ఎనిమిది వరుసల రోడ్డు కోసం చేసిన బండిని పొలం గట్టు మీద నడిపినట్టు అయింది.

వాపసు తీసుకోలేదు. వెయ్యి తక్కువకు వేరేవాళ్ళకు అమ్ముకున్న. పదహారు లేన్లు వాడుకునే కార్డ్ అయితే హెచ్81లో కూడా ఎనిమిది జీబీ దొరుకుతుంది. 1050 టీఐ, 1650 రెండూ పదహారువే.

డల్లాస్ వెంకట్, మంగళవారం ఉదయం 10:15

అందరూ కార్డ్ గురించే మాట్లాడుతున్నారు. నేనైతే ఆ సిస్టమ్ మీద రూపాయి కూడా పెట్టను. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది. 4వ జనరేషన్ ప్రాసెసర్‌కి విండోస్ 11 అధికారికంగా రాదు, 8వ జనరేషన్ నుంచే. హెచ్81లో ర్యామ్ స్లాట్లు రెండే, 16 జీబీ దాటదు. పన్నెండు వేలు పక్కన పెట్టి, ఇంకో పది పదిహేను కలిపి ఆఫీసుల నుంచి వచ్చిన 8వ జనరేషన్ సెకండ్ హ్యాండ్ సిస్టమ్ తీసుకోవడం మంచిది.

తెనాలి మిక్సింగ్, మంగళవారం మధ్యాహ్నం 2:40

అందరికీ ధన్యవాదాలు. ఒక్క రాత్రిలో ఇంత సమాచారం వస్తుందనుకోలేదు.

మాస్టారూ, డోర్ విప్పాను. పదకొండేళ్ళ దుమ్ము, బ్రష్‌తో తుడిస్తే గానీ స్టిక్కర్ కనబడలేదు. ప్లస్ 12 వోల్ట్ కింద 14 ఆంపియర్లు అని ఉంది. పక్కన ప్లస్ 5 వోల్ట్ కింద 28 అని ఉంది. గ్రాఫిక్స్ కార్డ్‌కి పెట్టే 6 పిన్ వైరు అసలు లేదు.

సుభద్ర గారూ, చూశాను. ప్రాసెసర్ 100 శాతం, దిగడమే లేదు. హార్డ్ డిస్క్ ఇరవై, పాతిక మధ్య. ర్యామ్ 11 జీబీ. రెండరర్ దగ్గర మెర్క్యురీ ప్లేబ్యాక్ ఇంజిన్ సాఫ్ట్‌వేర్ ఓన్లీ అని ఉంది, మార్చుదామంటే రెండో ఆప్షన్ లేదు.

వెంకట్ గారూ, మీరు చెప్పింది సబబే. కానీ పాతిక వేలు ఇప్పుడు నా చేతిలో లేవు. మాఘంలో మళ్ళీ పెళ్ళిళ్ళు మొదలైతే, ఆ అడ్వాన్సులు వచ్చాకే మిగతా ఆలోచన. అప్పటిదాకా చేతిలో ఉన్న మూడు పెళ్ళిళ్ళ వీడియోలు ఇవ్వాలి. పెళ్ళికూతురి వాళ్ళ నాన్నగారు రోజూ ఫోన్ చేస్తున్నారు, ఆయనకు సమాధానం చెప్పడమే పెద్ద టెన్షన్‌గా ఉంది. అదీకాక, కార్డ్ రేపు కొత్త సిస్టమ్‌లోకి మార్చుకోవచ్చు కదా?

అయితే 1050 టీఐ ఒక్కటే మిగిలింది. 4,200కే వస్తోంది, పైగా నా మానిటర్‌కి సరిపోయే వీజీఏ పోర్ట్ కూడా కార్డ్ మీదే ఉందన్నారు. రేపు పొద్దున వెళ్ళి తెచ్చేసుకోనా?

ఓరుగల్లు హార్డ్‌వేర్, మంగళవారం మధ్యాహ్నం 2:52

అన్నా, ఆగు. పైసలు కట్టకు. వీజీఏ పోర్ట్ ఉన్నదా? కార్డ్ ఫోటో ఉంటే పెట్టు.

తెనాలి మిక్సింగ్, మంగళవారం మధ్యాహ్నం 3:10

షాపాయన వాట్సాప్‌లో పంపింది పెట్టాను. ఒక వీజీఏ, ఒక డీవీఐ, ఒక హెచ్‌డీఎంఐ. ఫ్యాన్ ఒకటే. డబ్బా మీద కంపెనీ పేరు లేదు, గేమింగ్ అని, డ్రాగన్ బొమ్మ అని ఉంది.

ఓరుగల్లు హార్డ్‌వేర్, మంగళవారం మధ్యాహ్నం 3:26

అది 1050 టీఐ కాదు. ఒట్టేసి చెప్తున్న.

2016లో 1050 టీఐ వచ్చిన తరం నుంచి ఎన్‌విడియా చిప్పుల్లో వీజీఏకి కావాల్సిన అనలాగ్ సిగ్నలే తీసేసిన్రు. ఆ తరంలో డీవీఐ పోర్ట్ ఉంటే అది కూడా డిజిటల్‌దే. అసలైన 1050 టీఐకి వీజీఏ పోర్ట్ ఉండే వీలే లేదు. ఇట్లాంటి వాటిలో లోపల ఉండేది 2010, 2011 నాటి జీటీఎస్ 450, జీటీఎక్స్ 550 టీఐ లాంటి చిప్. దాని బయాస్, అంటే కార్డ్ లోపల రాసి ఉండే ప్రోగ్రామ్ మార్చి, విండోస్‌లో 1050 టీఐ నాలుగు జీబీ అని కనబడేట్టు చేస్తరు. డెస్క్‌టాప్ మీద పేరు సరిగ్గానే చూపిస్తుంది, పని పెట్టంగనే క్రాష్ అయితది. అంత పాత చిప్‌లో ఎన్‌వెంక్ కూడా ఉండదు.

నమ్మకం కుదరకపోతే పెన్‌డ్రైవ్‌లో జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని షాపుకి పో. 2018 నుంచి అది ఇట్లాంటి కార్డులను పట్టుకుని, పేరు ముందర ఫేక్ అని రాసి చూపిస్తుంది. షాపులోనే సిస్టమ్‌కి పెట్టించి, నీ కళ్ళ ముందు నడిపించుకో.

ఎస్‌ఎంపీఎస్ మాస్టారు, మంగళవారం సాయంత్రం 6:30

ఓరుగల్లు తమ్ముడు సమయానికి పట్టుకున్నాడు. షాపాయనకు కూడా తెలిసి ఉండకపోవచ్చు, పార్సిల్లో వచ్చిన సరుకు అమ్ముకుంటున్నాడేమో. గొడవ పడకండి, కానీ తీసుకోకండి.

ఇక నా లెక్క. 12 వోల్టులు, 14 ఆంపియర్లు. రెండూ హెచ్చవేస్తే 168 వాట్లు. మీ ఎస్‌ఎంపీఎస్ అసలు బలం అంతే, అదీ కొత్తలో. డబ్బా మీద 450 అన్నది అన్ని గళ్ళూ కలిపి వేసుకున్న పెద్ద అంకె. మీ ప్రాసెసర్ 84 వాట్లది. పవర్ వైరు అక్కర్లేని కార్డ్ స్లాట్‌లోంచి 75 దాకా లాగుతుంది. అక్కడికే 159. ఇంక రెండు హార్డ్ డిస్కులు, ఫ్యాన్లు. ఎక్స్‌పోర్ట్ పెట్టినప్పుడు ప్రాసెసర్, కార్డ్ రెండూ ఒకేసారి పూర్తిగా పనిచేస్తాయి, అదీ గంటల తరబడి. గేము ఆడేవాడికి సిస్టమ్ రీస్టార్ట్ అయితే ఆట పోతుంది. మీకు పెళ్ళి ఫుటేజ్ ఉన్న హార్డ్ డిస్క్ పోతుంది. ఆ ఫుటేజ్ మళ్ళీ తీయలేరు.

కాబట్టి మీ పన్నెండు వేలలో మొదటి మూడు వేలు ఎస్‌ఎంపీఎస్‌కి పక్కన పెట్టండి. పేరున్న కంపెనీది, 450 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉన్నది. దాని స్టిక్కర్ మీద 12 వోల్ట్ గడిలో 35 ఆంపియర్లకు అటూ ఇటూగా కనబడుతుంది, మీ పాతదానితో పోల్చి చూసుకోండి. ఇది రేపు ఏ సిస్టమ్ కొన్నా పనికొస్తుంది.

వైరు లేదని షాపువాళ్ళు హార్డ్ డిస్క్ పిన్ నుంచి 6 పిన్‌కి మార్చే చిన్న కన్వర్టర్ ఇస్తారు, నూట యాభై రూపాయలకు. పాత ఎస్‌ఎంపీఎస్‌కి అది మాత్రం వాడకండి. పిన్ను నల్లగా మాడి, ప్లాస్టిక్ కరిగి అతుక్కుపోయినవి నా టేబుల్ సొరుగులో ఇప్పటికీ మూడున్నాయి. వచ్చినవాళ్ళకు చూపించడానికి ఉంచాను.

పార్క్‌లేన్ కుర్రాడు, మంగళవారం రాత్రి 8:05

మాస్టారూ, ఒప్పుకుంటున్నాను. నాది 550 వాట్ల బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్, అందుకే ఇబ్బంది రాలేదు. అన్న సిస్టమ్ సంగతి అడక్కుండా చెప్పేశాను, సారీ అన్నా. 580 పేరుతో కూడా 2048 ఎస్‌పీ అని ఇంకో రకం వస్తోంది, దాంట్లో కోర్లు దాని కింది రకం 570కి ఉన్నన్నే. సెకండ్ హ్యాండ్‌లో చాలావరకు క్రిప్టో మైనింగ్‌లో రాత్రింబగళ్ళు తిరిగినవే.

అయితే ఇంటెల్ ఆర్క్ ఏ380 ఎలా ఉంటుంది? ఆరు జీబీ, ఏవీ1 ఎన్‌కోడర్ కూడా ఉంది కదా, ఎడిటింగ్‌కి మంచిదంటారు.

కాకినాడ సుభద్ర, మంగళవారం రాత్రి 8:40

కొత్త బోర్డ్‌లో అయితే నేనూ అదే చెప్పేదాన్ని. ఆర్క్ కార్డులకు రీసైజబుల్ బార్ అనే సదుపాయం బోర్డ్‌లో ఉండాలి. ఇంటెల్‌వాళ్ళే 10వ జనరేషన్ నుంచి వాడమంటున్నారు. 4వ జనరేషన్ బోర్డ్‌లో అది రాదు, అది లేకపోతే ఆ కార్డ్ బలం బాగా తగ్గిపోతుంది.

తెనాలి అన్నయ్యా, మీ ప్రాసెసర్ నూటికి నూరు, డిస్క్ ఖాళీ, రెండరర్ సాఫ్ట్‌వేర్ ఓన్లీ. మీకు కార్డ్ తప్పకుండా పనిచేస్తుంది, ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

నా మాట జీటీఎక్స్ 1650 నాలుగు జీబీ. 1050 టీఐ అసలుది దొరికినా ఇప్పుడు కొనవద్దంటాను. ఆ తరం కార్డులకు 2025 అక్టోబర్‌తో మామూలు డ్రైవర్లు ఆపేశారు, ఇక 2028 దాకా మూడు నెలలకోసారి సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే. 1650 దాని తర్వాతి తరం, 2019లో వచ్చింది, డ్రైవర్లు ఇంకా వస్తున్నాయి. కరెంటు రెండింటికీ అదే 75 వాట్లు. ఆర్‌టీఎక్స్ 3050 ఆరు జీబీది ఇంకా మంచిది, 70 వాట్లే, పవర్ వైరు కూడా అక్కర్లేదు. కానీ కొత్తది పదహారు, పదిహేడు వేలు పెట్టాలి. ఎనిమిది జీబీ 3050 అని ఇంకోటి ఉంది, దానికి పవర్ వైరు కావాలి, కంగారులో అది తెచ్చుకోకండి.

మీరు ఎస్‌ఎంపీఎస్‌కి మూడు వేలు తీసేస్తే తొమ్మిది మిగిలాయి. పేరున్న కంపెనీ 1650, బిల్లు ఉన్నది, సెకండ్ హ్యాండ్‌లో ఏడు ఎనిమిది వేలకు దొరుకుతుంది.

ఇంకొకటి, ఇది డబ్బు ఖర్చు లేనిది. ఇవాళే ప్రాక్సీలు పెట్టుకోండి. ప్రీమియర్‌లో క్లిప్పులన్నీ సెలెక్ట్ చేసి, కుడి బటన్ నొక్కి, ప్రాక్సీ, క్రియేట్ ప్రాక్సీస్. చిన్న సైజు కాపీలు తయారవుతాయి. రాత్రి పడుకునేముందు పెడితే తెల్లారేసరికి అవుతాయి. మీరు కట్ చేసేది వాటి మీద, ఎక్స్‌పోర్ట్ అయ్యేది అసలు 4కె నుంచే. కార్డ్ వచ్చాక కూడా మూడు కెమెరాల మల్టీక్యామ్‌కి ఇదే చేయండి. మీ బావమరిదికి ఒక మాట చెప్పండి, కెమెరాలో 10 బిట్ 4:2:2 అనే ఆప్షన్ ఉంటే పెళ్ళిళ్ళకు పెట్టవద్దని. ఆ ఫుటేజ్‌ని ఎన్‌విడియా కార్డుల్లో 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ తప్ప ఏవీ హార్డ్‌వేర్‌తో విప్పలేవు. 1650 వేసినా మళ్ళీ ప్రాసెసరే ఏడవాలి.

తెనాలి మిక్సింగ్, బుధవారం ఉదయం 6:50

ప్రాక్సీలు రాత్రి పెట్టాను. పొద్దున్నే లేచి చూస్తే జీలకర్ర బెల్లం ఆగకుండా నడుస్తోంది! పదకొండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, ఎవరూ చెప్పలేదు. సుభద్ర గారూ, మీకు రుణపడి ఉంటాను.

1650కి వీజీఏ ఉండదు కదా, మరి నా మానిటర్?

ఓరుగల్లు హార్డ్‌వేర్, బుధవారం ఉదయం 8:15

హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న అడాప్టర్ తీసుకో అన్నా, మూడు నాలుగు వందలు. లోపల చిప్ ఉన్నది కావాలి. ఊరికే వైర్లు కలిపిన డీవీఐ టు వీజీఏ కన్వర్టర్ ఇస్తరు, అది పెట్టకు, పట్టదు. పాత డీవీఐ పోర్ట్‌లో అడ్డగీత చుట్టూ నాలుగు చిన్న రంధ్రాలు ఉండేవి, వీజీఏ సిగ్నల్ వాటిలోంచే వచ్చేది. 1650 మీద డీవీఐ ఉన్నా ఆ నాలుగు రంధ్రాలు ఉండవు.

1650 కూడా రెండు మెమరీలతో వచ్చింది, జీడీడీఆర్5, జీడీడీఆర్6. నీ పనికి ఏదైనా పర్వాలేదు. కొన్ని జీడీడీఆర్6 వాటికి 6 పిన్ వైరు పెట్టాల్సి ఉంటుంది, కొత్త ఎస్‌ఎంపీఎస్‌లో ఆ వైరు వస్తుంది కాబట్టి భయం లేదు. కొనేముందు స్కేలు పెట్టి స్లాట్ నుంచి హార్డ్ డిస్క్ గూడు దాకా ఎన్ని సెంటీమీటర్లు ఉందో కొలుచుకో. ఒక ఫ్యాన్‌ది పదిహేడు, పద్దెనిమిది ఉంటుంది, రెండు ఫ్యాన్లది ఇరవై దాటుతుంది.

తెనాలి మిక్సింగ్, ఆదివారం రాత్రి 9:30

పని అయింది. వివరంగా రాస్తున్నాను, నాలాంటివాళ్ళు ఎవరైనా వెతుక్కుంటూ వస్తే పనికొస్తుంది.

విజయవాడలో ఒక కుర్రాడు కొత్త కార్డ్‌కి మారుతూ తన 1650 అమ్మకానికి పెట్టాడు. ఒక ఫ్యాన్, జీడీడీఆర్5, పవర్ వైరు అక్కర్లేనిది. 2021 బిల్లు చూపించాడు. ఎనిమిదిన్నర చెప్పి 7,500కి ఇచ్చాడు. వాళ్ళింట్లోనే జీపీయూ-జెడ్ పెట్టి చూశాను, పేరు ముందు ఫేక్ అని రాలేదు, లేన్లు పదహారు చూపించింది. అరగంట గేము నడిపించి చూపించాడు, వాళ్ళ అమ్మగారు ఈలోగా కాఫీ ఇచ్చారు. ఎస్‌ఎంపీఎస్ 2,950. అడాప్టర్ 350. మొత్తం 10,800.

బిగించేటప్పుడు రెండుసార్లు గుండె ఆగినంత పనైంది. కార్డ్ వెడల్పు రెండు స్లాట్లది కావడంతో బోర్డ్ కింద ఉన్న, హార్డ్ డిస్క్ కేబుళ్ళు పెట్టే సాటా పోర్టుల్లో ఒకటి దాని కిందకు పోయింది. నిటారు కేబుల్ తీసేసి, తల వంగిన కేబుల్ పెడితే పట్టింది. తర్వాత ఆన్ చేస్తే స్క్రీన్ నల్లగా ఉంది, ఫ్యాన్ మాత్రం తిరుగుతోంది. పది నిమిషాలు చెమటలు పట్టాయి. మానిటర్ కేబుల్ అలవాటులో పాత మదర్‌బోర్డ్ పోర్ట్‌కే పెట్టాను! కార్డ్‌కి మార్చగానే వచ్చేసింది.

డ్రైవర్ వేశాక రెండరర్ దగ్గర జీపీయూ యాక్సిలరేషన్ (CUDA) అన్న ఆప్షన్ వచ్చింది. ఎక్స్‌పోర్ట్‌లో హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ పెట్టాను. కలర్ కరెక్షన్ అంతా వేసిన అదే ఇరవై నిమిషాల హైలైట్స్, మూడు గంటలు పట్టింది, ఇప్పుడు నలభై రెండు నిమిషాలకు వచ్చింది. ప్రాసెసర్ ఇంకా తొంభైలలోనే ఉంటోంది, కార్డ్ సగమే వాడుకుంటోంది. వెంకట్ గారు చెప్పిన కొత్త సిస్టమ్ అవసరం అక్కడ అర్థమైంది. మాఘం దాటాక చూస్తాను.

మొదటి పెళ్ళి పెన్‌డ్రైవ్ ఇవాళ సాయంత్రం ఇచ్చేశాను.

కాకినాడ సుభద్ర, ఆదివారం రాత్రి 9:52

చాలా సంతోషం అన్నయ్యా. బయాస్‌లో ఒకసారి చూడండి, ఐజీపీయూ మల్టీ మానిటర్ అనో, ఇంటర్నల్ గ్రాఫిక్స్ అనో ఉంటుంది. కార్డ్ పెట్టగానే బోర్డ్ గ్రాఫిక్స్ ఆగిపోతాయి, అది ఎనేబుల్ చేస్తే ప్రాసెసర్‌లోనే ఉండే ఎన్‌కోడర్ ఇంటెల్ క్విక్ సింక్ కూడా అందుబాటులో ఉంటుంది. ఒక్కోసారి అది కూడా చేతికొస్తుంది.

ఎస్‌ఎంపీఎస్ మాస్టారు, ఆదివారం రాత్రి 10:20

శభాష్. పాత ఎస్‌ఎంపీఎస్‌ని ఇంకో సిస్టమ్‌కి పెట్టకండి, పాత సామాన్లవాడికి ఇచ్చేయండి.

డల్లాస్ వెంకట్, ఆదివారం రాత్రి 10:41

పన్నెండు వేలలోపు ఇంత తేడా వస్తుందని నేను అనుకోలేదు. మీ నిర్ణయమే సరైనది. విండోస్ 10కి ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ కింద పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా అప్‌డేట్లు వస్తాయి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఆ లింక్ కనబడుతుంది, మర్చిపోకండి.

శ్రీకాకుళం టీచర్, సోమవారం ఉదయం 7:05

నమస్కారం. చర్చ మొత్తం చదివాను. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, పరీక్షలయ్యాక బ్లెండర్ అనే 3డీ బొమ్మల ప్రోగ్రామ్ నేర్చుకుంటానంటున్నాడు. ఇంట్లో ఆఫీసుల నుంచి వచ్చిన సన్నటి డెస్క్‌టాప్ ఉంది, 6వ జనరేషన్ ఐ5, పొడుగు పుస్తకాన్ని నిలబెట్టినంత వెడల్పు. దానికి 1650 పడుతుందా?

ఓరుగల్లు హార్డ్‌వేర్, సోమవారం ఉదయం 8:30

సార్, మామూలు 1650 పట్టదు. లో ప్రొఫైల్ అని సగం ఎత్తుది ఉంటుంది, అది కావాలి. 1650లో, 3050 ఆరు జీబీలో రెండింట్లోనూ లో ప్రొఫైల్ వస్తున్నాయి. బ్లెండర్ రెండరింగ్‌కి 3050 చాలా బాగుంటుంది, కొంచెం డబ్బు కూడబెట్టి అదే తీసుకోండి. ఆ సన్న క్యాబినెట్లలో కొన్నింటికి స్లాట్ పక్కనే ఎస్‌ఎంపీఎస్ గోడ ఉంటుంది, రెండు స్లాట్ల మందం కార్డ్ పట్టదు. డోర్ విప్పి, స్లాట్ చుట్టూ ఫోటో, ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ ఫోటో పెట్టండి. మాస్టారు కూడా చూస్తరు.